పాత వీణ వాయిస్తుంటే చెయ్యి లాగేస్తోందా? ముందు దండి చూడండి

కోనసీమ వైపు పాత ఇళ్ళల్లో అమ్మమ్మల నాటి వీణలు ఇంకా కనపడతాయి, అటక మీంచి దింపి దుమ్ము దులిపి పిల్లకి నేర్పిద్దామనుకుంటారు, నెల తిరక్కుండా పిల్ల మణికట్టు నొప్పంటుంది, అలవాటైతే అదే పోతుందిలే అనేస్తారు. వేళ్ళ చివర మంట అయితే నిజంగానే పోతుంది. మణికట్టు, బొటనవేలి మొదలు నొప్పి పుడుతుంటే మాత్రం వీణనీ కూర్చునే పద్ధతినీ చూడాల్సిందే.

ముందు కూర్చోవడం. బాసింపట్టు వేసుకుని, కుండ, అంటే వీణ పెద్ద గుండ్రటి భాగం, కుడిపక్క నేల మీద, రెండో చివరన ఉండే చిన్న బుర్ర ఎడమ తొడ మీద ఆనాలి. మెట్లు, అంటే తీగని నొక్కే ఇత్తడి కడ్డీలు, కనపడట్లేదని పిల్లలు వీణని తమ వైపు వాల్చేసుకుంటారు చూడండి, సగం నొప్పి అక్కడే, ఎందుకంటే ఎడమ చెయ్యి దండి, అంటే మెట్లుండే పొడుగాటి మెడ, కిందనుంచి చుట్టి పైకి రావాలి, వాల్చినకొద్దీ మణికట్టు ఇంకా మెలితిరగాలి. చిన్నపిల్లైతే బుర్ర కింద తువ్వాలు మడిచి పెట్టి ఎత్తు సర్దండి. బొటనవేలు దండికి ఊరికే ఆనాలి అంతే, పట్టుకోకూడదు.

ఇప్పుడు దండి. ఒక కన్ను మూసుకుని కుండ వైపు నుంచి చివర చెక్కిన యాళి తల వైపు అంచు వెంబడి చూడండి, వంపుంటే తెలిసిపోతుంది. ఇంకా నమ్మకంగా కావాలంటే మొదటి మెట్టు నెత్తి మీంచి 24వ మెట్టు నెత్తి దాకా తెల్లదారం బిగించి పట్టుకోండి, మధ్య మెట్లన్నీ వరసగా దారానికి బాగా కిందకి ఉంటే తీగల లాగుడికి దండి వంగిందన్నమాట, ఒకటి రెండే కిందకుంటే అక్కడ మెట్టు కింది మైనం కుంగింది. రెండోది చిన్న పని. మొదటిది కొద్దిపాటిదైతే మైనం ఎత్తు సర్ది మేళం కట్టించుకుంటే, అంటే మెట్లని మైనంలో స్వరాలకి సరిగ్గా కూర్పించుకుంటే, గడిచిపోతుంది, ఎక్కువైతే బొబ్బిలో నూజివీడో వీణలు చేసేవాళ్ళకి చూపించాలి, ఇంట్లో వడ్రంగి చేత బలవంతంగా వంచించే పని మాత్రం పెట్టుకోకండి.

పాతకాలపు యూరప్ తీగల వాద్యం లూట్‌కి ఈ మైనం గొడవ లేదు, మెట్లంటే దండి చుట్టూ పేగు తీగతో వేసిన కట్లే, కావాలంటే జరుపుకోవచ్చు. మనకి ఇత్తడి మెట్లు నల్లమైనం గట్ల మీద కూర్చుంటాయి, రోహిణి కార్తె ఎండలో కారు డిక్కీలో పెట్టారంటే అంతే సంగతులు.

తీగ ఎత్తు దగ్గర కాస్త ఆగాలి. తీగ మెట్టుకి మరీ పైకుంటే నొక్కడానికే బలమంతా పోతుంది, మరీ దగ్గరైతే గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, తీగ లాగినప్పుడు పక్క మెట్లకి తగిలి జీరగా మోగుతుంది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు, ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు గారు వాయించినవి వినండి, ఒకే మెట్టు మీద తీగ లాగి ఎన్ని స్వరాలు పలికిస్తారో, ఆ లాగుడికి చోటుండాలి కదా. అందుకని మరీ కిందకి దింపించొద్దు. నొప్పి తగ్గాలంటే ముందు అర శ్రుతి దించి చూడండి, తీగ మెత్తబడుతుంది, దండి మీద భారమూ తగ్గుతుంది. వేళ్ళు జారడానికి కొబ్బరినూనె చుక్క చాలు, మైనం మీద పడకుండా తుడుచుకోండి. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి, గరుకు తీగ వేలిని కోసేస్తుంది, మార్చేయండి, అదేం పెద్ద ఖర్చు కాదు.

మేళం కట్టడానికి ఇచ్చేటప్పుడు వాయించే పిల్లనే వెంట తీసుకెళ్ళండి. ఏ శ్రుతికి వాయిస్తుందో చెప్పి, తీగలు ఆ శ్రుతికి బిగించాకే ఎత్తు చూడమనండి, వదులు తీగల మీద చూసిన ఎత్తు బిగించాక మారిపోతుంది. తీసుకునే ముందు మొదటి పన్నెండు మెట్లలో ప్రతిదాన్నీ దానికి పన్నెండు మెట్ల పైదానితో కలిపి మీటించండి, రెండూ ఒకే స్వరం, రెండోది పై స్థాయిలో, పలకాలి, పలకనిది అక్కడికక్కడే సరిచేయించుకోండి.