కారు దించాక ముందు బంపర్ గీసుకుపోతోందా? ముందు గీతలు ఎక్కడున్నాయో చూడండి

కారు కిందికి దించిన, అంటే ఎత్తు తగ్గించుకున్న వాళ్లలో చాలామంది మొదటి గీత పడగానే రబ్బర్ లిప్ (బంపర్ కింది అంచుకు వేసే పట్టీ) కొని అతికించేస్తారు. నేనూ అదే చేశాను. నెల తిరక్కుండానే ఆ లిప్ సగం ఊడి టైరుకు తగులుతూ వేలాడింది. నా కారు పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో, స్ప్రింగులు మార్చి 4 సెం.మీ. దించాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పే మొదటి మాట: ఏదీ కొనకముందు ఫోన్ టార్చ్ వేసి బంపర్ కిందికి చూడండి. గీతలు ఎక్కడ ఉన్నాయన్న దాన్ని బట్టి మందు మారుతుంది.

గీతలు కింది అంచు మధ్యలో, ముందు నుంచి వెనక్కి ఉన్నాయి

ఇది ర్యాంపు పని. టేపు తీసుకుని రెండు కొలతలు కొలవండి: నేల నుంచి బంపర్ కింది అంచు ఎత్తు, ముందు టైరు నేలను తాకే చోటు నుంచి ఆ అంచు దాకా దూరం. నా కారుకు 13 సెం.మీ., 70 సెం.మీ. వచ్చాయి. అంటే 5.4కి 1 వాలు (5.4 మీటర్లు ముందుకు వెళ్తే 1 మీటరు పైకి) దాకా తగలకుండా ఎక్కగలదు. దించకముందు 17 సెం.మీ. ఎత్తు ఉండేది, అప్పుడు 4కి 1 వాలు కూడా దాదాపుగా ఎక్కేసేది.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు 6కి 1. లెక్క ప్రకారం తగలకూడదు, అయినా రోజూ కర్రున గీసుకునేది. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు, వాలు అయిపోయి చదును మొదలయ్యే మూల దగ్గర. కారణం నా కుడికాలే. దిగుతూ బ్రేక్ తొక్కుతాను, ముక్కు 3 సెం.మీ. వంగుతుంది, 13 కాస్తా 10 అవుతుంది. 70కి 10 అంటే 7కి 1. ఇక తగలక ఏం చేస్తుంది?

పరిష్కారం: వాలు మీద ఉండగానే వేగం పూర్తిగా తగ్గించేసి, మూల దగ్గరకు వచ్చేసరికి బ్రేక్ వదిలేయాలి. ముక్కు పైకి లేస్తుంది. చోటుంటే కొంచెం ఏటవాలుగా దిగండి, ఒక టైరు ముందు, రెండోది తర్వాత. సెల్లార్‌లో స్తంభాల మధ్య అంత చోటు లేనివాళ్లు రెండు టైర్ల దారిలో మూల దగ్గర 3–4 సెం.మీ. మందం చెక్క పలకలు వేసుకోవచ్చు, రెండు చివర్లూ ఏటవాలుగా చెక్కించి. ఆ మూలకు చేరేసరికి టైర్లు పలక మీద ఉంటాయి కాబట్టి బంపర్‌కూ ఆ ఎత్తు కలిసొస్తుంది. మా వాచ్‌మన్ మొదట్లో "ఇవేంటి సార్, ఎవరైనా తట్టుకుని పడతారు" అని పక్కకు పెట్టేసేవాడు. వాటికి పసుపు రంగు వేయించాక ఊరుకున్నాడు.

బంపర్ బాగానే ఉండి కారు నడుం భాగం తగులుతుంటే అది వేరే కథ. ర్యాంపు పై అంచు దగ్గర కడుపు ఆనుతోంది. దానికి బంపర్ గార్డులు ఏం చేయలేవు, ఏటవాలుగా దాటడమే.

స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రమే తగులుతోంది

రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి హంప్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. దాని అంచు వాలు 9కి 1 దగ్గర ఉంటుంది, నా కారు హాయిగా దాటుతుంది. మరి మన కాలనీల్లో ఉండేవి? మిగిలిన సిమెంటుతో ఎవరో తమ ఇంటి ముందు పోసిన గట్లు. మూరెడు వెడల్పు, నిటారు ఎత్తు. అలాంటి వాటిని ఒక్కో టైరు చొప్పున ఏటవాలుగా ఎక్కాల్సిందే.

కానీ మంచి హంపుల మీదా తగులుతుంటే షాకబ్జార్లను అనుమానించండి. ముందు ఫెండర్ (టైరు పైన ఉండే రేకు) దగ్గర గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి ఆగిపోవాలి. రెండు మూడు సార్లు ఊగితే పోయినట్టే. వాటి మీద నూనెతో తడిసిన దుమ్ము కనిపించినా అంతే. పొట్టి స్ప్రింగుల కింద కంపెనీ షాకబ్జార్లు ఉంచేస్తే అవి తొందరగా అరుగుతాయి. స్ప్రింగ్ చుట్టలు కోయించి దించిన కారైతే ఇంకేం చూడకండి, తీయించేయండి. కోసిన స్ప్రింగ్ గుంటలో పడి లేచినప్పుడు తను కూర్చునే చోటు నుంచి జారిపోవచ్చు.

టైర్లు కూడా చూడండి. 185/65 ఆర్15 సైజు (టైరు పక్కన రాసి ఉంటుంది) తీసి 195/50 ఆర్16 వేస్తే అలాయ్ పెద్దదైనా మొత్తం చక్రం వ్యాసం 2 సెం.మీ. తగ్గుతుంది, కారు 1 సెం.మీ. దిగుతుంది. 195/55 ఆర్16 వేస్తే దాదాపు అదే ఎత్తు.

ఒక మూల ఊడింది, క్లిప్పులు విరిగాయి

ఇది పార్కింగ్ స్టాపర్ పని, అంటే టైర్లు ఆగడానికి పార్కింగ్‌లో వేసే దిమ్మె. ముందుకు వెళ్లేటప్పుడు లిప్ దాని మీదికి వంగి ఎక్కుతుంది, రివర్స్ చేసేటప్పుడు కొక్కెంలా పట్టుకుని బంపర్‌ను లాగేస్తుంది. ఇరుక్కుందని తెలిస్తే రివర్స్ వేయకండి. జాకీతో ముందు భాగం కాస్త లేపి, కింద అడ్డు ఏమీ లేదని చూసుకుని, జాకీ ఉన్నప్పుడు కారు కిందికి దూరకుండా, స్టాపర్‌ను పక్కకు జరపండి. అది నేలకు బిగించి ఉంటే టైర్ల కింద పలకలు పెట్టి, జాకీ దించి, అప్పుడు వెనక్కి తీయండి. షాపింగ్ మాల్స్‌లో రివర్స్ పార్కింగ్ అలవాటు చేసుకుంటే ఈ గొడవే రాదు.

వేగంలో గరగర శబ్దం, కొత్త గీతలు లేవు

ఇంజిన్ కింది ప్లాస్టిక్ కవర్ క్లిప్పులు ఊడి వేలాడుతుండొచ్చు, చూడండి. కొత్త క్లిప్పులు వేయిస్తే సరి.

ఇక గార్డుల సంగతి

పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ (రంగు మీద అతికించే పారదర్శక పొర) రాళ్ల దెబ్బలకు మంచిది. సిమెంటు అంచు మీద రాసుకుంటే మాత్రం చిరుగుతుంది, కింది అంచుకు ఆ డబ్బు దండగ. మెత్తటి రబ్బర్ లిప్ ఉన్న ఎత్తును ఇంకా తగ్గిస్తుంది. కానీ వంగుతుంది కాబట్టి పెయింట్ బదులు తాను రాసుకుపోతుంది. వేయించేవాళ్లు అతికించే టేపును మాత్రమే నమ్ముకోకండి. స్పిరిట్‌తో తుడిచి అతికించి, ఒక రోజు నీళ్లు తగలనీయకుండా ఉంచి, కింది వైపు నుంచి స్క్రూలు కూడా బిగించండి. నాది ఊడిపోయింది స్క్రూలు లేకే.

నాకు బాగా పనిచేసింది 5 మి.మీ. మందం నైలాన్ పట్టీ. అంచు కింద మూడు ముక్కలుగా, స్క్రూ తలలు లోపలికి దిగేలా బిగించాం. సిమెంటు మీద పట్టుకోకుండా జారిపోతుంది, అరిగిన ముక్కను విడిగా మార్చుకోవచ్చు. దాని పైన కింది అంచుకు రంగు బదులు నల్లటి అండర్‌బాడీ కోటింగ్ కొట్టించాను. టింకరింగ్ షాపతను "మెరుపు ఉండదు మరి" అన్నాడు. వంగి చూసేవాళ్లు ఎవరున్నారు?

ఇన్ని చేసినా తగులుతుంటే ఎత్తు పెంచండి. ఎత్తు సర్దుకునే కాయిలోవర్లు (స్ప్రింగ్, షాకబ్జార్ కలిసిన సెట్టు) ఉన్నవాళ్లు ముందు 1.5 సెం.మీ. లేపి చూడండి, వెనకా అంతే. ఎత్తు మారిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల కోణం సరిచేయించుకోవాలి. మార్పుల సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా చెప్పి ఉంచండి, లేదంటే బంపర్ క్లెయిమ్ అప్పుడు ఆ స్ప్రింగులే అడ్డం వస్తాయి.