పెళ్లికూతురి కోసం మెహందీ సాయంత్రం పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ముహూర్తాల సీజన్ వస్తోంది. ఈసారి అక్కాచెల్లెళ్లు, ఫ్రెండ్స్ కలిసి చేసే పార్టీలో మెహందీ, గాజుల బుట్ట, ఆటలు కలిపి పెట్టుకునేవాళ్ల కోసం ఇది.

• నల్లగా పండే కోన్ అసలు వద్దు. గోరింటాకు ఎర్రగానే పండుతుంది. గంటలో నల్లబడిందంటే అందులో జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం ఉండే అవకాశం ఎక్కువ. దానికి చర్మం పొక్కితే పీటల మీద కూర్చునేది బొబ్బలెక్కిన చేతులతోనే.

• చిన్నపిల్లల్లో ఎవరికైనా జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉంటే అసలు గోరింటాకు కూడా పెట్టకండి. ఆ రక్తకణాలు దెబ్బతినొచ్చు.

• పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టుకోండి. పూర్తి రంగు రావడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది.

• గాజులు ముందు, మెహందీ తర్వాత. సబ్బు రాసి, వేళ్లు దగ్గరకు నొక్కి గాజులెక్కించాలి కదా, తడి డిజైన్ మీద ఆ పని ఎలా కుదురుతుంది? 2.4, 2.6, 2.8 సైజులు మూడూ తెప్పించండి. అత్తలకు సరిపోకపోతే అదో అలక.

• పెళ్లికూతురికి భోజనం ముందే పెట్టేయండి. తర్వాత చేతులు ఖాళీ ఉండవు. ఆటలూ అలాంటివే ఎంచుకోండి: అంత్యాక్షరి, చిన్ననాటి ఫొటో చూసి ఎవరో చెప్పడం, పెళ్లికొడుకు పేరు కలిపి పద్యం చెప్పించడం.

• పాత ప్రేమకథల ప్రశ్నలు మానేయండి. ఎవరో ఒకరు వీడియో తీస్తూనే ఉంటారు, అది రాత్రికల్లా మగపెళ్లివారి గ్రూపులో ఉంటుంది.