డప్పు దెబ్బను శాంపిల్ ప్యాక్‌గా చేసి అమ్మడం ఎలా

శాంపిల్స్ (పాటలు చేసేవాళ్లు కొని తమ ట్రాకుల్లో వాడుకునే చిన్న శబ్దపు ముక్కలు) అమ్మి డబ్బు సంపాదించొచ్చని వినగానే చాలామంది ల్యాప్‌టాప్ తెరిచి హిప్‌హాప్‌లో వినిపించే ట్రాప్ డ్రమ్స్, 808 బేస్ చేయడం మొదలుపెడతారు. అది వద్దు. ఆ సరుకు ఇప్పటికే కుప్పలుగా ఉంది, చాలావరకు ఉచితంగానే దొరుకుతోంది, పైగా ఆ సంగీతం మధ్యే పెరిగిన అట్లాంటా, లండన్ కుర్రాళ్లు దాన్ని మనకంటే బాగా చేస్తారు. బెర్లిన్‌లో కూర్చుని ట్రాక్ చేసుకునేవాడికి వెతికినా సులభంగా దొరకనిది, మీరు బస్సెక్కితే దొరికేది ఏముందో చూడండి. డప్పు, ఒగ్గు డోలు, హైదరాబాద్ బరాత్‌లలో మోగే మర్ఫా, ఉత్తరాంధ్ర జముకు, తప్పెటగుళ్లు, కిన్నెర, గజ్జెలు, చిడతలు. ఇండియన్ పెర్కషన్ అని వెతికితే తబలా, ఢోలక్ వరస కడతాయి కానీ వీటి వంతు వచ్చేసరికి జాబితా పలచబడిపోతుంది. అక్కడే మీకు చోటుంది. నేను ఇక్కడ డప్పునే పట్టుకుని చెబుతాను, మిగతా వాద్యాలకూ పద్ధతి దాదాపు ఇదే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక్క దెబ్బ విడిగా ఉంటే వన్‌షాట్, రెండు నాలుగు బార్‌లు (తాళం ఒక చుట్టు తిరిగితే ఒక బార్) ఆగకుండా తిరిగేలా కోస్తే లూప్. కొన్నవాళ్లు దాన్ని పాటలో, షార్ట్ ఫిల్మ్‌లో, గేమ్‌లో మళ్లీ మీకు డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు, దాన్నే రాయల్టీ ఫ్రీ అంటారు. వాళ్లు ముఖ్యంగా చేయకూడని పని, మీ ఫైళ్లను అలాగే తీసుకెళ్లి తమ శాంపిల్స్‌గా అమ్ముకోవడం. ఒక ప్యాక్ చేసి ఉద్యోగం మానేద్దామనుకుంటే మాత్రం ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు, ఇది చిన్న మొత్తాలు చాలాకాలం పాటు వస్తూ ఉండే పని.

మైకు కొనే ముందే మనిషి సంగతి తేల్చుకోవాలి. డప్పు కళాకారులను వెతకడం పెద్ద కష్టం కాదు, వాళ్లతో లెక్క సరిగ్గా పెట్టుకోవడమే అసలు పని. కులం పేరు చెప్పి తరతరాలుగా వెట్టిగా వాయించుకున్న వాద్యం ఇది, ఇప్పుడు మీరు కూడా టీ తాగించి ఒక పూటంతా వాయించుకుని వచ్చి ఆ శబ్దాన్ని డాలర్లకు అమ్మితే దానికి ఏం పేరు పెట్టాలో మీరే ఆలోచించండి. పెళ్లికో జాతరకో వాళ్లు తీసుకునే రేటు కంటే తక్కువ ఇవ్వకండి, ఆపైన అమ్మకాల్లో వాటా ఇంత అని మాట్లాడుకోండి, ప్యాక్ మీద వాళ్ల పేరు వేయండి (వేయొద్దంటే వద్దు). మంచి డప్పు కళాకారుడికి ఇచ్చిన డబ్బు ఖరీదైన మైకు మీద పెట్టిన డబ్బు కంటే ఎక్కువ వినపడుతుంది, ఇది నా గట్టి అభిప్రాయం. ఇంకో మాట, చావు డప్పు దెబ్బను క్లబ్ మ్యూజిక్ చేసేవాళ్లకు అమ్మడం కొందరికి నచ్చదు, కొందరు ఏమీ అనుకోరు. ముందే అడగండి, వద్దంటే ఆ దెబ్బ వదిలేయండి.

ఇక కాగితం. 'నీ ఇష్టం తమ్ముడూ, వాడుకో' అని ఫోన్లో అన్న మాట రేపు ఏ లేబుల్ (ప్యాక్‌లు విడుదల చేసే సంస్థ) ముందూ నిలబడదు. మన కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి. అందులో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే ఇచ్చినట్టు లెక్క. మీ ప్యాక్ కొన్నవాడు నార్వేలో ఉంటాడు, పదేళ్ల తర్వాత కూడా ఆ లూప్ పాటలో ఉంటుంది, కాబట్టి కాలం, ప్రపంచమంతా వర్తిస్తుందన్న మాట, ఇచ్చిన డబ్బు, ఇవ్వబోయే వాటా, ఇవన్నీ స్పష్టంగా రాయించండి. తెలుగులో రాయించి, చదివి వినిపించి, సంతకం తీసుకుని, ఒక కాపీ ఆయన చేతిలో పెట్టండి.

పాత గ్రామ్‌ఫోన్ రికార్డుల నుంచి ముక్కలు కోసి అమ్ముదామని కూడా కొందరికి ఉంటుంది. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ హక్కు 60 ఏళ్లు, కాబట్టి 1960 నాటి రికార్డు ఫ్రీ అయిపోయింది కదా అంటారు. రికార్డింగ్ ఫ్రీ అయినా అందులోని బాణీ హక్కు వేరు, అది స్వరకర్త చనిపోయాక కూడా 60 ఏళ్లు నడుస్తుంది. పైగా అమెరికాలో ఆ కాలపు రికార్డులకు లెక్కే వేరు, ఇంకా దశాబ్దాలపాటు రక్షణ ఉంటుంది. అలాగే శబ్దాలు ఉచితంగా పంచుకునే ఫ్రీసౌండ్ లాంటి సైట్లలో దొరికేవి ఊరికే దించి మీ ప్యాక్‌లో కలపకండి, అక్కడ వాణిజ్యానికి పనికిరాని లైసెన్సులతో ఉన్న ఫైళ్లు కూడా ఉంటాయి. ప్యాక్‌లో ప్రతి శబ్దం మీరు పట్టినదే కావాలి. ఈ విషయంలో బేరం లేదు.

రికార్డింగ్‌కు వస్తే, డప్పుతో ఉన్న పెద్ద చిక్కు చర్మం. మంట దగ్గర కాచితే బిగుసుకుని దెబ్బ ఠంగుమంటుంది, చల్లారేకొద్దీ వదులై స్వరం కిందికి జారుతుంది. మొదటి టేక్‌కీ చివరి టేక్‌కీ మధ్య తేడా వచ్చిందంటే ఆ రెండూ ఒకే ప్యాక్‌లో ఇమడవు. అందుకని సెషన్ అయ్యేదాకా మంట ఆరనివ్వకండి, ప్రతి కొద్ది టేకులకీ కాచి మొదలుపెట్టండి. వన్‌షాట్లు కాచిన వెంటనే పట్టేయండి, లూపులు ఆ తర్వాత. ఇప్పుడు ఫైబర్ డప్పులు కూడా వచ్చాయి, వాటికి ఈ బాధ లేదు కానీ శబ్దం వేరు. ఏది వాడారో ప్యాక్ వివరాల్లో రాయండి.

జాగా విషయంలో, సిమెంటు గదిలో డప్పు కొడితే గోడలన్నీ తిరిగి కొడతాయి, ఆ గోల తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పోదు. కోత అయిన పొలంలో గాలి లేని పొద్దున చాలా బాగుంటుంది, గుడి మైకు ఎన్నింటికి మొదలవుతుందో మాత్రం ముందే కనుక్కోండి. గదిలోనే చేయాల్సి వస్తే బొంతలు, పరుపులు గోడలకు ఆనించి, ఫ్యాన్, ఫ్రిజ్, ఇన్వర్టర్ అన్నీ ఆపేయండి. పక్కింటి బోరు మోటారు సంగతి మీ అదృష్టం.

రికార్డర్ సంగతికి వస్తే, డప్పు దెబ్బ హఠాత్తుగా పైకి లేస్తుంది కాబట్టి 32 బిట్ ఫ్లోట్‌లో (లెవెల్ ఎక్కువైనా తర్వాత తగ్గించుకోగలిగే పద్ధతి) రికార్డ్ చేసేది ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది, జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటి చిన్న రికార్డర్లలో కూడా ఆ సౌకర్యం ఉంది. అది లేకపోతే 24 బిట్‌లో పెట్టి, గట్టి దెబ్బ కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ తగ్గించుకోండి. ఒక మైకు మీటరు దూరంలో, చర్మానికి సూటిగా కాకుండా కాస్త పక్కకి. రెండోది ఉంటే నాలుగైదు మీటర్ల వెనక పెట్టండి, కొనేవాళ్లకు దగ్గరి శబ్దం, దూరపు శబ్దం రెండూ విడివిడిగా ఇవ్వొచ్చు. బయట అయితే మైకుకు గాలి తొడుగు తప్పనిసరి.

వన్‌షాట్లకు సిర్ర (లావు కర్ర) దెబ్బ, సిటికెన పుల్ల (సన్న పుల్ల) దెబ్బ, రెండూ కలిసిన దెబ్బ, అంచు మీద దెబ్బ, చేత్తో నొక్కి కొట్టింది, ఇలా ఒక్కోటీ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా పట్టండి. ఒక్కో స్థాయిలోనూ కనీసం నాలుగైదు సార్లు కొట్టించండి. అదే ఫైలు పదేపదే మోగితే చెవికి మెషీన్‌లా వినిపిస్తుంది, చిన్న తేడాలున్న దెబ్బలు మార్చి మార్చి వాడితేనే మనిషి వాయించినట్టు ఉంటుంది. మోత పూర్తిగా ఆగేదాకా ఎవరూ కదలకూడదు. ఈ మాట సెషన్ మొదట్లోనే చెప్పేయండి, ఎందుకంటే మంచి దెబ్బ పడగానే చుట్టూ ఉన్నవాళ్లు 'అబ్బా' అంటారు.

లూపుల దగ్గర క్లిక్ (వేగం తప్పకుండా మెషీన్ కొట్టే టిక్ టిక్) గొడవ వస్తుంది. ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టి క్లిక్ వినిపిస్తే కొందరు హాయిగా వాయిస్తారు, కొందరికి అది చేతులు కట్టేసినట్టు ఉంటుంది. అలాంటప్పుడు క్లిక్ తీసేసి వాళ్ల ఊపులో వాళ్లను వాయించనిచ్చి, తర్వాత నిలకడగా ఉన్న బార్‌లు ఏరుకుని టెంపో (నిమిషానికి ఎన్ని బీట్లు) కొలవండి. సాఫ్ట్‌వేర్ గీసే కచ్చితమైన బీట్ గీతల గ్రిడ్ మీదికి ప్రతి దెబ్బనూ బలవంతంగా లాగేస్తే డప్పులోని ఆ ఊగు చచ్చిపోతుంది, ఆ ఊగు కోసమే కదా కొనేది. లూప్ మొదలూ చివరా గ్రిడ్‌కు సరిపోతే చాలు, లోపలిది కదపకండి.

కోతకు ఆడాసిటీ ఉచితం, రీపర్‌కు 60 రోజుల ట్రయల్ ఉంది, ఏదైనా సరిపోతుంది. లూప్ పొడవు లెక్క కట్టి కోయండి, చెవితో కాదు. 120 టెంపోలో ఒక బీట్ అర సెకను, నాలుగేసి బీట్ల బార్‌లు నాలుగు అంటే సరిగ్గా 8 సెకన్లు. కొసల్లో టక్‌మనకుండా రెండు మూడు మిల్లీసెకన్ల ఫేడ్ పెట్టండి. మన దెబ్బల్లో చాలావాటికి తిశ్ర నడక (బీట్‌కు మూడేసి దెబ్బలు) ఉంటుంది, అక్కడ ఇంకో తిరకాసు. మీరు పెద్ద బీట్ లెక్కన 120 అని రాస్తే, అదే లూప్ కొన్నవాడి సాఫ్ట్‌వేర్‌లో క్వార్టర్ నోట్ లెక్కన (అంటే అలాంటి మూడు చిన్న దెబ్బల్లో రెండిటిని ఒక బీట్‌గా లెక్కిస్తే) 180 అవుతుంది. 6/8 అని, టెంపో ఏ లెక్కలో రాశారో ఫైలు పేరులోనో రీడ్‌మీలోనో చెప్పకపోతే పాపం వాడు ప్యాకే తప్పనుకుని డబ్బు వెనక్కి అడుగుతాడు.

రీవెర్బ్ (ప్రతిధ్వని), కంప్రెషన్ (హెచ్చుతగ్గులను సమం చేయడం) దట్టంగా పూసి ఇవ్వకండి. పొడి ఫైలు ఇవ్వండి, కావాలంటే మసాలా వేసినవి వేరే ఫోల్డర్‌లో పెట్టండి. 24 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్లు చాలు, ఎంపీ3 ఎవరూ కొనరు. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే, వాద్యం, దెబ్బ రకం, టెంపో, నడక, నంబర్ ఆ వరసలో. ఈ పేర్లు పెట్టే పని విసుగు, నిజంగా విసుగు, కానీ కొన్నవాడు మళ్లీ మీ దగ్గరికే వస్తాడా లేదా అన్నది సగం దీని మీదే ఉంటుంది.

తర్వాత ఒక డెమో ట్రాక్, నిమిషం నిమిషంన్నర. డప్పును డప్పులాగే వినిపిస్తే విదేశీ ప్రొడ్యూసర్‌కు దీన్ని ఎక్కడ వాడాలో తోచదు, హౌస్ బీట్ కిందో హిప్‌హాప్ కిందో పెట్టి చూపించండి. జాగ్రత్త, ఆ డెమోను గానీ లూపులను గానీ యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (ఎవరి శబ్దం ఎవరి వీడియోలో ఉందో పట్టే వ్యవస్థ) రిజిస్టర్ చేయొద్దు. చేశారంటే మీ ప్యాక్ కొని పాట చేసినవాళ్లకే క్లెయిములు పడతాయి, అంతకంటే చెడ్డపేరు ఇంకోటి ఉండదు.

ఎక్కడ అమ్మాలి? సొంత దుకాణంలా నడపాలంటే గమ్‌రోడ్, బ్యాండ్‌క్యాంప్. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం తీసుకుంటుంది, అంటే 12 డాలర్ల ప్యాక్‌కు 1 డాలర్ 80 సెంట్లు, పేమెంట్ చార్జీలు వేరు. ఇక్కడ మంచి సంగతి, కొన్నవాళ్లెవరో మీకు తెలుస్తుంది, తర్వాతి ప్యాక్ వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు. చెడ్డ సంగతి, జనాన్ని మీరే తెచ్చుకోవాలి. స్ప్లైస్ లాంటి శాంపిల్ చందా సైట్లలో జనం ఇప్పటికే ఉన్నారు కానీ ఎవరు పడితే వాళ్లు నేరుగా అప్‌లోడ్ చేయలేరు, అక్కడ ఉన్న లేబుల్స్ ద్వారా వెళ్లాలి. అక్కడివాళ్లు ప్యాక్ మొత్తం కొనరు, చందా కట్టి ఒక్కో ఫైలు ఏరుకుంటారు, కాబట్టి ప్రతి లూప్ తనంతట తానే నిలబడాలి. లేబుల్‌కు రాసేటప్పుడు జిప్ ఫైలు అంటించి పంపకుండా డెమో లింకు, పదిహేను ఇరవై ఫైళ్లు చాలు. వాళ్లు ఒప్పందం పంపితే ఎక్స్‌క్లూజివ్ అనే మాట, ఏఐ ట్రైనింగ్ అనే మాట ఎక్కడున్నాయో వెతికి మరీ చదవండి. ఎక్స్‌క్లూజివ్ ఇచ్చిన ఫైలు ఇక మీ గమ్‌రోడ్‌లో ఉండకూడదు. ఏఐకి ఇవ్వడం డప్పు కళాకారుడితో మీరు రాసుకున్న కాగితంలో లేకపోతే, ఆ హక్కు మీ దగ్గర లేదు, కాబట్టి ఇవ్వలేరు.

జాతర గోల, సంత చప్పుడు, మగ్గం శబ్దం లాంటివి కూడా పట్టి ఉంటే అవి పాటల వాళ్లకంటే సినిమా, గేమ్ సౌండ్ చేసేవాళ్లకు పనికొస్తాయి. వాటిని పాండ్5, ఎ సౌండ్ ఎఫెక్ట్ లాంటి సైట్లలో పెట్టి చూడండి, అక్కడ 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లకు విలువ ఎక్కువ.

డబ్బు చేతికి రావడం గురించి. పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి మన దేశం లోపలి చెల్లింపులు ఆపేసింది, విదేశాల నుంచి మాత్రం తీసుకోవచ్చు. హైదరాబాద్ మ్యూజిక్ ప్రోగ్రామర్ ఎవరైనా కొంటానంటే యూపీఐ తీసుకుని లింకు పంపడమే. అమెరికా కంపెనీ రాయల్టీ ఇచ్చేటప్పుడు డబ్ల్యూ-8బెన్ ఫారం (మీరు అమెరికావాళ్లు కాదని చెప్పే పన్ను కాగితం) అడుగుతుంది, అది నింపకపోతే 30 శాతం దాకా పన్ను పట్టుకునే అవకాశం ఉంది, నింపితే రెండు దేశాల ఒప్పందం ప్రకారం రాయల్టీ మీద 15 శాతానికి తగ్గుతుంది. అక్కడ కట్టింది ఇక్కడి రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు, కాగితాలు దాచుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ సేవలకు మామూలుగా ఏడాదికి 20 లక్షలు దాటితేనే, ఆ దరిదాపులకు వస్తే ఆనందంగా వెళ్లి ఒక సీఏను కలవండి.

డప్పు కళాకారుడి వాటా మూడు నెలలకోసారి పంపండి. ఎన్ని అమ్ముడయ్యాయి, ప్లాట్‌ఫామ్ ఎంత తీసుకుంది, ఆయనకెంత వచ్చింది, ఈ మూడు లైన్లు వాట్సాప్‌లో పెట్టండి, రెండు వందలే వచ్చినా సరే పెట్టండి. రెండో ప్యాక్‌కు ఆయనే తన బృందం మొత్తాన్ని తీసుకొస్తాడు, అప్పుడు ఒక్క డప్పుతో కాకుండా ఎనిమిది డప్పులు కలిసి మోగే లూపులు పట్టొచ్చు. వాటికి ఒక్క డప్పు ప్యాక్ కంటే ఎక్కువ ధర పెట్టినా కొంటారు.