బోరు కింద వరికి అడుగు పొడవు పైపు ముక్క

మడిలో ఎప్పుడూ నీళ్లు నిలపకుండా, ఆరాక మళ్లీ తడిపి నీళ్లు పొదుపు చేసే పద్ధతి ఇది, యాసంగిలో బోరు కింద వరి వేసే నల్లగొండ, పాలమూరు రైతులకు పనికొస్తుంది. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ. 30 సెం.మీ. పీవీసీ పైపు, వెడల్పు 4 అంగుళాలకు తగ్గొద్దు. కింది సగానికి చుట్టూ రంధ్రాలు వేసి, ఒడ్డుకు దగ్గర్లో మడి చదునుగా ఉన్నచోట సగం వరకు దింపండి. పైపు లోపలి మట్టి తోడెయ్యాలి. చాలామంది ఇక్కడే మరిచిపోతారు, అప్పుడు నీటిమట్టం తెలియదు.

నాటిన రెండు వారాల తర్వాత, పైపులో నీళ్లు దిగిపోయి అడుగున మట్టి కనిపించాకే మడిలో 5 సెం.మీ. నీరు పెట్టండి. కలుపు ఎక్కువుంటే ఇంకో వారం ఆగండి. నల్లరేగడిలో బీటలు వెడల్పు కానివ్వొద్దు, పెట్టిన నీళ్లన్నీ అందులోకే దిగుతాయి. పూతకు వారం ముందు, వారం తర్వాత మాత్రం నీళ్లు నిలిచే ఉండాలి, లేకుంటే తాలు గింజలే.