పిల్లలకు మాటలు ఆలస్యమవుతున్నాయా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

"మాటలు రాలేదు" అని మనం ఒక్క ముక్కలో చెప్పేస్తాం గానీ, దాని వెనక అయిదారు వేరువేరు సమస్యలుంటాయి. పిలిస్తే తిరిగి చూడని పిల్ల, అన్నీ అర్థమైనా నోరు విప్పని పిల్లాడు, గలగలా మాట్లాడినా ఇంటి బయట ఎవరికీ అర్థం కాని పిల్లాడు. వీళ్ల ముగ్గురికీ ఒకే వైద్యం పనిచేయదు. అందుకే ఎన్ని నెలలకి ఎన్ని మాటలు రావాలనే లెక్క కంటే ముందు, మన కళ్లముందు జరుగుతున్నదేమిటో గమనించాలి. కిందివాటిలో మీ పిల్లకు దగ్గరగా ఉన్నది చూడండి. రెండు మూడు సరిపోయినట్టనిపిస్తే పైనున్నదానితో మొదలుపెట్టండి. ఈ వరుస ఆలోచించే పెట్టాను.

ఒకసారి పిలిస్తే పలుకుతాడు, ఇంకోసారి పలకడు

ముందు అనుమానించాల్సింది చెవిని.

మా రెండోవాడు రెండేళ్లు దాటినా పట్టుమని పది మాటలు అనేవాడు కాదు. ఒక్కోసారి పిలవగానే పరుగెత్తుకొచ్చేవాడు, ఒక్కోసారి పక్కనే నిలబడి పిలిచినా ఉలుకూ పలుకూ ఉండేది కాదు. మొండితనం అనుకున్నాం, కోప్పడ్డాం కూడా. చివరికి పరీక్ష చేయిస్తే కర్ణభేరి వెనక నీరు చేరిందని తేలింది. చెవులు రెండూ మూసుకుని వింటే ఎలా ఉంటుందో, మా మాటలు వాడికి అలా వినిపించేవన్నమాట. ఆ కోపాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే సన్నని గొట్టం చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే అది మూసుకుపోయి చెవి లోపల జిగురులాంటి నీరు నిలుస్తుంది. చాలామందిలో నొప్పీ ఉండదు, జ్వరమూ ఉండదు. వినికిడి ఒక వారం బాగుండి, మరో వారం తగ్గుతుంది. అందుకే "వినిపిస్తోందిగా, కావాలనే పలకట్లేదు" అని పొరబడతాం.

వెనక నుంచి చప్పట్లు కొట్టి చూసి, తల తిప్పాడు కాబట్టి వినికిడి బాగుందని తేల్చేయకండి. పెద్ద చప్పుడు వినిపించే పిల్లలకు కూడా మామూలు మాటలోని స, త, క లాంటి సన్నని శబ్దాలు అందకపోవచ్చు. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాసయ్యాడన్న ధీమా కూడా పనికిరాదు, ఎందుకంటే వినికిడి తరవాత కూడా తగ్గొచ్చు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర, వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు దగ్గర చూపించండి. ఓఏఈ, బేరా అనే వినికిడి పరీక్షలు పిల్లలు నిద్రపోతుండగానే చేస్తారు, నొప్పి ఉండదు. నీరు చాలాసార్లు మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. కాబట్టి డాక్టరు కొన్నాళ్లు చూద్దామంటే కంగారు పడక్కర్లేదు, కానీ మళ్లీ రమ్మన్న తేదీ మాత్రం తప్పకండి. ఈలోగా టీవీ ఆపి, దగ్గరికి వెళ్లి, కూర్చుని, మీ ముఖం కనిపించేలా మాట్లాడండి. పక్కగదిలోంచి కేకేయడం మానేయండి.

అన్నీ అర్థమవుతాయి, నోరు మాత్రం విప్పడు

నిజంగా అర్థమవుతున్నాయో లేదో ముందు తేల్చుకోవాలి. చేయి చాపకుండా, అటు చూడకుండా "నీ చెప్పులు తీసుకురా" అనండి. మనకు తెలియకుండానే కళ్లతో, చేతులతో బోలెడు సైగలు చేస్తాం, పిల్లలు వాటిని పట్టుకుని పని చేసేస్తారు. సైగ లేకుండా కూడా తెచ్చాడంటే లోపల భాష ఉన్నట్టే. తేలేకపోతే తరవాతి భాగం చదవండి.

లోపల ఉన్నది బయటికి రాకపోవడానికి ఇంట్లో ఎక్కువగా కనిపించే కారణం ఒకటుంది. వాడు నోరు తెరిచేలోపే మనం అందించేస్తాం. గ్లాసు వైపు చూస్తే నీళ్లు ఇస్తాం. అక్క వాడి బదులు జవాబు చెబుతుంది. అడిగిన ప్రశ్నకు ఒక్క క్షణం ఆగకుండా మనమే ఇంకో ప్రశ్న వేస్తాం. ప్రేమతోనే చేస్తాం గానీ, వాడికి మాటతో పని పడదు.

ఆగడం నేర్చుకోవాలి. ఏదైనా అన్నాక మనసులో పది దాకా లెక్కపెట్టుకుంటూ, ఆశగా వాడి ముఖంలోకి చూడండి. మొదట్లో ఆ నిశ్శబ్దం చాలా పొడుగ్గా అనిపిస్తుంది. నాకు మూడో అంకె దగ్గరే నోరు ఊరుకునేది కాదు.

రెండోది, "ఇదేంటి? చెప్పు, చెప్పు" అనే పరీక్షలు తగ్గించాలి. చాలా మంది పిల్లలు వాటికి బిగుసుకుపోతారు. వాడు చూస్తున్నదాని గురించి మీరే ఒక చిన్న మాట అనండి: "బంతి. బంతి పడింది. దొర్లింది." పేర్లతో పాటు ఇలా పడింది, రా, తీయి, ఎక్కు, అయిపోయింది లాంటి మాటలు కూడా కావాలి. పేర్లు ఒక్కటే చాలవు, ఇలాంటి క్రియలు కూడా వస్తే మాటలు అతకడం తేలికవుతుంది.

వాడు "బంతి" అంటే మీరు ఒక్క మెట్టు పైకెళ్లి "పెద్ద బంతి" అనండి. ఒక్క మెట్టు చాలు. "అవును కన్నా, అది నీ పుట్టినరోజుకి కొన్న ఎర్ర బంతి కదా" అంటే పట్టుకోవడానికి వాడికి కొస దొరకదు. "ఏం కావాలి?" అనే బదులు రెండూ చూపించి "నీళ్లా, పాలా?" అని అడగండి. ఇష్టమైన బొమ్మను కనిపించేలా, అందకుండా పెట్టండి. అయితే మాట అనేదాకా ఇవ్వనని పంతం పట్టొద్దు. వాడు చూపు కలిపినా, వేలితో చూపినా, "బా" అన్నా అది అడిగినట్టే. మీరు "బంతి" అంటూ ఇచ్చేయండి. "భౌ భౌ", "జూయ్" లాంటివి కూడా మాటలే, లెక్కలో వేసుకోండి.

రెండేళ్లు నిండేసరికి 50 మాటలైనా లేకపోయినా, "అమ్మా దా" లాంటి రెండు మాటల జంటలు రాకపోయినా ఇంటి ప్రయత్నంతో సరిపెట్టక స్పీచ్ థెరపిస్టుకు చూపించండి. "వాళ్ల నాన్నకీ మూడేళ్లకే వచ్చాయి" అనే ఓదార్పు ప్రతి ఇంట్లో వినబడుతుంది. ఇంట్లో ఇంకొకరికి ఆలస్యం కావడాన్ని థెరపిస్టులు జాగ్రత్తపడాల్సిన విషయంగానే రాసుకుంటారు.

చెప్పింది అర్థం కాదు, చూపు కలపదు, వేలుపెట్టి చూపించదు

ఇక్కడ మాటల కంటే ముందుండాల్సినవే ఇంకా రాలేదన్నమాట. చాలా మంది పిల్లలు ఏడాది చుట్టుపక్కల "అదిగో చూడు" అన్నట్టు వేలు చాపి, మన ముఖం కేసి తిరుగుతారు. ఏడాదిన్నరకు కూడా అది లేకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరగకపోతే, వినికిడి పరీక్షతో పాటు పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆటిజం కావచ్చు, మరొకటి కావచ్చు. పేరు తేలేదాకా ఆగకుండానే సాయం మొదలుపెట్టవచ్చు. ఇంట్లో ముఖాముఖి ఆటలు బాగా పనికొస్తాయి. దుప్పటి కింద దాక్కుని "ఎక్కడ? ఇదిగో!" అనండి. చక్కిలిగింతలు పెట్టి, మధ్యలో ఆగి చూడండి. మళ్లీ కావాలని కదిలినా, చూసినా వెంటనే కొనసాగించండి.

వచ్చిన మాటలు పోతున్నాయంటే మాత్రం ఏ వయసైనా సరే, ఆ వారంలోనే డాక్టరును కలవండి.

ఫోన్లో పాటలన్నీ అప్పజెబుతాడు, మనతో మాట్లాడడు

రంగులూ అంకెలూ వరసగా చెప్పేస్తుంటే ముచ్చటేస్తుంది. కానీ అప్పజెప్పడం వేరు, దాహమేసినప్పుడు "నీళ్లు" అనడం వేరు. వీడియో వాడి మాట కోసం ఆగదు, వాడి ముఖం చూసి మాట మార్చదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండేళ్లలోపు తెర వద్దు, 2 నుంచి 4 ఏళ్ల మధ్య రోజుకు గంటకు మించకూడదు. ఒక్కసారిగా లాక్కుంటే ఇల్లు రణరంగమవుతుంది కాబట్టి తిండి పెట్టేటప్పటి ఫోన్‌తో మొదలుపెట్టండి. కబుర్లు సహజంగా పుట్టే సమయం అదే. వాడికొచ్చిన పాటనే మీరు పాడుతూ చివరి మాట దగ్గర ఆగండి, వాడు పూరిస్తాడు.

మాట్లాడుతుంది, బయటివాళ్లకు అర్థం కాదు

"కాకి"ని "తాతి" అనడం, "రా"ని "లా" అనడం చిన్న వయసులో మామూలే. ర, ళ లాంటివి ఆలస్యంగా కుదురుతాయి. మూడేళ్లు నిండాక కొత్తవాళ్లకు చాలావరకు అర్థం కావాలి. కాకపోతే చూపించాలి. ఇంట్లో "అలా కాదు, సరిగ్గా అను" అనకుండా, "తాతి ఎగిరింది" అంటే "అవును, కాకి ఎగిరింది" అని మీ జవాబులోనే సరైన మాట వినిపించండి. ముద్దుగా ఉందని "తాతి" అని మీరూ అనకండి. మాట అంతా ముక్కులోంచి వస్తుంటే అంగిలి చూపించాలి. నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ తీగ బిగుతుగా ఉంటే పాలు తాగడానికి ఇబ్బంది కావచ్చు గానీ, మాటలు రాకపోవడానికి అది కారణం కాదు.

ఉన్నట్టుండి నత్తి మొదలైంది

రెండు నుంచి అయిదేళ్ల మధ్య కొంతమంది పిల్లలకు వస్తుంది, వాళ్లలో ఎక్కువమందికి పోతుంది. "నెమ్మదిగా చెప్పు, ఊపిరి పీల్చుకో" అనకండి. మీరే నెమ్మదిగా మాట్లాడుతూ, మాట పూర్తయ్యేదాకా వినండి, అందించకండి. ముఖం బిగుసుకున్నా, మాట్లాడటానికి జంకుతున్నా, ఆరు నెలలు దాటినా, ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఉన్నా ఆలస్యం చేయొద్దు.

ఇంట్లో రెండు భాషలు, అందుకేనా?

కాదు. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. రెంటిలో ఉన్న మాటలు కలిపి లెక్కపెట్టండి. ఒక భాష మానేయమని ఎవరైనా చెబితే, మీకు మనసారా కబుర్లు చెప్పడానికి వచ్చే భాషను మాత్రం వదులుకోకండి.

థెరపిస్టు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు పిల్ల అన్న ప్రతి మాటా, అన్నట్టే, ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో ఆడుకుంటుండగా రెండు నిమిషాల వీడియో తీయండి. కొత్త గదిలో పిల్లలు చాలాసార్లు నోరే తెరవరు, అప్పుడు ఆ కాగితమూ ఆ వీడియోనే అక్కరకొస్తాయి.