పిల్లల ఆసుపత్రికి గవర్నర్‌గా నిలబడుతున్నారా? నామినేషన్‌కు ముందు ఇవి చూసుకోండి

ఇంగ్లండ్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్, ఆల్డర్ హే లాంటి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఫౌండేషన్ ట్రస్టు ఆసుపత్రుల్లో గవర్నర్లను ట్రస్టు సభ్యులు ఎన్నుకుంటారు. ఆ పోటీకి దిగాలనుకునే మనవాళ్ల కోసం.

– ఏ విభాగం నుంచి నిలబడుతున్నారో ముందు తేల్చుకోండి. రోగులు-సంరక్షకులు, ప్రజలు, సిబ్బంది వేర్వేరు. అదే ట్రస్టులో నర్సుగానో డాక్టరుగానో పనిచేస్తూ, పాప అక్కడే చూపించుకుంటోంది కదా అని రోగులు-సంరక్షకుల విభాగంలో నామినేషన్ వేయడం కుదరదు. అర్హత గురించి తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే 2006 ఎన్‌హెచ్‌ఎస్ చట్టం ప్రకారం నేరం కూడా.

– ట్రస్టులో సభ్యత్వం ఉందా? ఉచితమే, కానీ సభ్యులు కానివాళ్లు పోటీ చేయలేరు. చివరి రోజు దాకా ఆగొద్దు.

– అభ్యర్థి ప్రకటనలో బిడ్డ పేరు, జబ్బు, ఫొటో పెట్టకండి. సానుభూతి ఓట్లు వస్తాయేమో గానీ, అది ఓటర్లందరికీ వెళ్లే కాగితం. రేపు ఆ బిడ్డ పెద్దదై దాన్ని చదువుతుంది.

– "అపాయింట్‌మెంట్లు త్వరగా ఇప్పిస్తా" అని రాయకండి. గవర్నర్ చేతిలో లేని పని అది. ఛైర్‌ను (బోర్డు అధ్యక్షుణ్ని), నాన్-ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లను (రోజువారీ నిర్వహణలో లేని బోర్డు సభ్యులను) నియమించడం, ఆ డైరెక్టర్లను జవాబు అడగడం, సభ్యుల మాట వినిపించడం, ముఖ్యంగా ఇవే. మీ సొంత ఫిర్యాదుకు దారి వేరు.

– జీతం లేదు, ఖర్చులు ఇస్తారు. పదవీకాలం మూడేళ్ల వరకు. సమావేశాల తేదీలు ముందే అడిగి, డ్యూటీ రోస్టర్‌తో సరిచూసుకోండి.

– గవర్నర్లు తప్పనిసరి అన్న నిబంధన తీసేస్తామని ప్రభుత్వం 2025 జూలైలో తెచ్చిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలో చెప్పింది. మీ ట్రస్టులో ఈ పదవి ఎన్నాళ్లుంటుందో కంపెనీ సెక్రటరీని (ట్రస్టు పాలనా వ్యవహారాలు చూసే అధికారిని) అడగండి, మొహమాటపడొద్దు.