ఓపెన్ లైబ్రరీ కేటలాగులో తెలుగు పుస్తకాన్ని చేర్చడం ఎలా?

అచ్చయిన ప్రతి పుస్తకానికీ ఒక వెబ్ పేజీ ఉండాలన్నది ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ గ్రంథాలయ సంస్థ నడిపే ఓపెన్ లైబ్రరీ వెబ్‌సైటు ఆశయం. ఉచితంగా చదువుకోవచ్చనే చాలామంది అక్కడికి వెళ్తారు. నాకు మాత్రం అది కేటలాగుగానే ఎక్కువ పనికొస్తుంది. చదవడానికి కాపీ దొరక్కపోయినా ఫలానా పుస్తకం ఉందని, దాన్ని ఎవరు ఎప్పుడు వేశారో తెలుస్తుంది. ఆ వివరాలను ఎవరైనా చేర్చవచ్చు, దిద్దవచ్చు.

ఈమెయిలుతో ఖాతా తెరవగానే పుస్తకం చేర్చేయకండి, ముందు వెతకండి. తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాలుగా. గురజాడను 'జె'తో రాసేవారున్నారు, 'జెడ్'తో రాసేవారున్నారు. అప్పారావును కలిపి రాసేవారు, విడదీసి రాసేవారు సరేసరి. ఒకే రచయితకు మూడు పేజీలు పుట్టేది ఇలాగే. రచయిత పేజీ కనిపిస్తే ఇతర పేర్ల గడిలో మీకు తెలిసిన రూపం కూడా రాయండి.

రచన వేరు, ముద్రణ వేరు. 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది, బాగా తిరగరాసిన రూపంలో 1909లో మళ్లీ వచ్చింది. కేటలాగులో రచన ఒక్కటే, ఆ ముద్రణలన్నీ దాని కిందికే వస్తాయి. మీ చేతిలోని ముద్రణ అక్కడ లేకపోతే ఆ రచన పేజీలోనే చేర్చండి.

వివరాలకు అట్టను నమ్ముకోకండి. లోపలి పేరు పేజీ, దాని వెనకవైపు చూడండి. 'ప్రతులకు' అని ఉన్న చిరునామా అమ్మేవారిదే కావచ్చు, ప్రచురణకర్తగా వారి పేరు రాసేయకూడదు. పాత పుస్తకాలతో అసలు చిక్కు ఏడాది దగ్గర వస్తుంది. కొన్నింటిలో అంకెలుండవు, 'ప్రభవ' అని తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. అది 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. వెల అణాల్లో ఉంటే రెండోది కానే కాదు. ముందుమాట కింద తేదీ ఉందేమో కూడా చూడండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేకపోతే కంగారు పడనక్కర్లేదు, ఆ గడి ఖాళీగా వదిలేయండి.

భాష గడిలో తెలుగును ఎంచుకుని, అట్ట ఫోటో పెట్టండి. కావాలంటే మీ ఊరి రచయితల పుస్తకాలన్నీ ఒక జాబితాగా కూర్చవచ్చు. ఒకే పుస్తకానికి రెండు పేజీలు కనిపిస్తే ఒకదాన్ని ఖాళీ చేయకండి. వాటిని కలిపే అధికారం అక్కడ లైబ్రేరియన్లుగా పనిచేసే వాలంటీర్లకు ఉంటుంది, వారికి రాయండి.